పాస్‌వర్డ్‌లో దాక్కున్న ఎట్టు

పదకొండేళ్లుగా నాకు సూళ్లూరుపేట స్టేషన్‌లోనే తెల్లారేది. చెన్నైలో బడిపుస్తకాలు వేసే ఆఫీసులో తెలుగు ప్రూఫులు దిద్దుతాను. ఒక బుధవారం సాయంత్రం ఆఫీసువాళ్లు చల్లని కబురు చెప్పారు. మర్నాడు మధ్యాహ్నం పన్నెండు లోపల ఇంటి కంప్యూటర్‌ను వీపీఎన్‌తో ఆఫీసుకు కలుపుకుంటే, ఇకనుంచి ఇంట్లోనే పని. కలపలేకపోతే మామూలుగా రైలెక్కాల్సిందే. వీపీఎన్ అంటే ఇంటర్నెట్‌లో ఆఫీసుదాకా మనకొక్కరికే వేసిన దారి అట. ఏ దారైతే నాకేం, రైలు తప్పితే చాలు! మర్నాడు సెలవు పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

మా ఇంట్లో ఉన్నది మా ఆయన ఎప్పుడో జిరాక్సు షాపు నడిపిన రోజుల నాటి డెస్క్‌టాప్. ఆన్ చేస్తే పిండిమర తిరిగినట్టే. ఆఫీసు పంపిన సాఫ్ట్‌వేర్ దానికి పడలేదు. ఒళ్లు మండి దాని నెత్తిన ఒకటిచ్చాను కూడా. చివరికి ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఆయన ఫోన్ చేసి, పాత విండోస్‌లోనే వీపీఎన్ పెట్టుకునే చోటుంటుందని ధైర్యం చెప్పాడు. ఆయన చెప్పినట్టే సెట్టింగ్స్‌లోకి వెళ్లి సర్వర్ అడ్రసు, నా పేరు కొట్టాను. ఇక మిగిలింది పాస్‌వర్డ్. దాన్ని మెసేజ్‌లో పంపకూడదట, నోటితోనే చెప్పాలట.

ఆయన తమిళుడు. నా మీద గౌరవంకొద్దీ అంకెలు తెలుగులో చెబుతున్నాడు.

“ఎన్, రెండు, టి, నాలుగు, కె...” కాస్త తడుముకుని, “ఎట్టు” అన్నాడు.

పాపం, పని ఎట్టా సాగుతోందని అడుగుతున్నాడనుకున్నాను.

“బాగానే వస్తా ఉండాది సార్!”

“ఓకే మేడమ్. ఆర్, వై. అంతే.”

కొట్టాను. కలవలేదు. మళ్లీ కొట్టాను. ఊహూఁ! మూడోసారి కూడా తప్పితే అరగంటసేపు తెరుచుకోదని ఆయన ముందే హెచ్చరించాడు. పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. ఆయనకు ఫోన్ చేస్తే ఎంతసేపటికీ ఎంగేజ్. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నా మొహానికి ఇంట్లో కూర్చుని పనిచేసే యోగం కూడానా అనుకున్నాను.

గుమ్మంలో మా అత్త పీతలు కొంటోంది. పులికాట్ వైపునుంచి తెచ్చే ఆవిడ తన అలవాటుకొద్దీ తమిళంలో లెక్కపెట్టి గిన్నెలో వేస్తోంది. “ఆరు, ఏళు, ఎట్టు...”

“ఎట్టుతో ఆపేస్తావేందమ్మే, పది ఇస్తానంటివే!” అని అత్త గొడవకు దిగింది.

నేను ఎగిరి గంతేశాను. ఎట్టు! ఎనిమిది! పదకొండేళ్లు చెన్నైలో తిరిగిన నాకు ఆ ముక్క తెలియక కాదు. తెలుగు మాట్లాడుతున్న మనిషి నోట ఎట్టు అని వస్తే, నెల్లూరు చెవికి అది ‘ఎట్టా’ అనే వినబడుతుంది. సిగ్గుతో, సంబరంతో ఒక్కొక్క అక్షరం పైకి చదువుతూ కొట్టాను. కె తర్వాత ఎనిమిది.

తెర మీద ‘కనెక్టెడ్’ అని వచ్చింది. పన్నెండుకు ఇంకా తొమ్మిది నిమిషాలుంది!

“అత్తా!” అని నేను అరిచిన అరుపుకు పీతలావిడ గంప వదిలేసి లోపలికొచ్చింది.

“ఏందక్కా, కరెంటు కొట్టిందా?”

“లేదమ్మా, కలిసింది! నీ ఎట్టుతోనే కలిసింది!”

ఆవిడకేమీ అర్థం కాలేదు గానీ, నా నవ్వు చూసి తనూ నవ్వి, ఇంకో రెండు పీతలు గిన్నెలో పడేసింది. ఆ మధ్యాహ్నం పొగలు కక్కుతున్న అన్నంలో పీతల పులుసు కలుపుకుని, అత్త పక్కన కూర్చుని తిన్నాను. పనిరోజున ఇంట్లో వేడన్నం తిని పదకొండేళ్లయింది.

మర్నాడు తెల్లవారుజామున అలవాటుగా మెలకువ వచ్చింది. దూరంగా నా రైలు కూత వేసింది. ఇన్నేళ్లలో పనిరోజున, సెలవు పెట్టకుండా ఆ కూతను పక్క మీద పడుకుని వినడం అదే మొదటిసారి.