యశోద గడప దాటింది

విజయకు మిర్చి ఘాటు కొత్త కాదు. దుమ్ము లేచే యార్డులో కూర్చుని గంటల తరబడి చదివినా ఆమె గొంతు ఎప్పుడూ పట్టుకోలేదు. అలాంటిది చల్లటి లైబ్రరీ హాల్లో, ఇంకా మొదలుపెట్టకముందే నోరు ఎండుకుపోయింది. చేతిలో వేలేటి సుగుణాదేవి చివరి నవల ఉంది. అందులోని చివరి అధ్యాయాన్ని కాసేపట్లో తనే చదివి వినిపించాలి.

సుగుణాదేవి జీవితం మీద, నవలల మీద ఆ నెలలో మూడు ఊళ్ల లైబ్రరీల్లో కార్యక్రమాలు పెట్టారు. జనగామలో ఆమె బతుకు గురించి ఉపన్యాసాలు జరిగాయి. భూపాలపల్లిలో బొగ్గుబాయి క్వార్టర్ల నుంచి వచ్చినవాళ్లతో చర్చ నడిచింది. రెండుచోట్లా జనం కునికిపాట్లు పడ్డారని మహబూబాబాద్ లైబ్రేరియన్ ఇమ్మానుయేల్‌కు తెలిసింది. అతను నేరుగా విజయ ఇంటికి వచ్చాడు.

"మాట్లాడెటోళ్లు శానమంది ఉన్నరక్కా. నాకు సదివెటోళ్లు గావాలె. మిర్చి యార్డుల సదివినట్టు సదువు, సాలు."

ఆమె సంబరంగా ఒప్పుకుంది. యార్డులో ఆ నవల విన్న ఆడవాళ్లందరినీ పిలిచానని అతను వెళ్తూ వెళ్తూ చెప్పాడు. అప్పటినుంచి ఆమెకు అన్నం సయించలేదు.

విజయ పుట్టింది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లెలో. పదో తరగతి తప్పిన ఏడే మానుకోటకు, అంటే ఈ మహబూబాబాద్‌కే, కోడలై వచ్చి, అత్త వెంట మిర్చికాయల తొడిమెలు తీసే పనికి పోయింది. సద్దిమూటతోపాటు లైబ్రరీ పుస్తకం కూడా తీసుకుపోయేది. మొదట్లో అన్నాలు తిన్నాక ఒక మూల కూర్చుని చదువుకునేది. తర్వాత పక్కవాళ్లు గట్టిగా చదవమన్నారు. ఆ తర్వాత పని వేళ కూడా చదవమన్నారు. ఆమె చదివినంతసేపూ ఒక్కొక్కరు ఒక్కో పిడికెడు తొడిమె తీసిన కాయలు ఆమె గంపలో వేసేవారు. అందరికంటే ముందు ఆమె గంపే నిండేది.

"మా విజయక్క నోటితోని తొడిమెలు తీస్తది," అని కమ్లీ ఎగతాళి చేసేది.

కమ్లీ తండా నుంచి వచ్చేది. సుగుణాదేవి నవల ముగింపుకు వచ్చిన రోజున కమ్లీ ముంజేయి వాచి ఉంది. తాగొచ్చిన మొగుడు కట్టెతో కొడితే, చంటిపిల్లను ఎత్తుకుని తల్లిగారింటికి వచ్చేసింది. మర్నాడు పెద్దమనుషులు కూర్చుని ఆమెను మళ్లీ మొగుడి దగ్గరికే పంపుతారని అందరికీ తెలుసు. నవల్లో యశోదకూ అదే గోస. పిల్లను చంకనేసుకుని, మొగుడి ఇంట్లో తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఇగ ఏం జేస్తదక్కా?" అంది కమ్లీ. చేతిలోని కాయకు తొడిమె తీయడం మరిచిపోయింది.

విజయ ముందురోజే ఇంట్లో చివరిదాకా చదివేసింది. యశోద స్టేషన్ దాకా పోయి, రైలెక్కకుండా తిరిగి వస్తుంది. ఆ రాకపోకలన్నీ ఒకే కాగితానికి అటూ ఇటూ ఉన్నాయి. తర్వాతి పేజీలో ఒకే ఒక్క వాక్యం. విజయ కమ్లీ ముంజేతిని చూసింది. ఆ కాగితాన్ని చదవకుండానే మలిపేసి, ఆఖరి వాక్యం చదివింది.

"యశోద గడప దాటింది."

పుస్తకంలో అది లోపలికి దాటడం. యార్డులో విన్నవాళ్లకు మాత్రం బయటికి దాటడం. విజయ ఒక్క మాటా సొంతంగా చేర్చలేదు. మర్నాడు పెద్దమనుషుల ముందు కమ్లీ పోనని చెప్పింది. ఆ తర్వాత ఎన్నడూ పోలేదు.

ఇప్పుడు కమ్లీ ముందు వరుసలోనే కూర్చుంది. పక్కన ఆమె కూతురు మేఘన. ఆనాటి చంటిపిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఇమ్మానుయేల్ పంచిన జిరాక్స్ కాగితాలు ఆ పిల్ల ఒళ్లో ఉన్నాయి. ఇప్పుడు కాగితం మలిపితే మేఘనకు దొరికిపోతుంది. మలపకపోతే కమ్లీకి తెలిసిపోతుంది.

"ఇయ్యాల గంప లేదు గదక్కా, ఎవలు నింపుతరు?" అంది కమ్లీ. హాలంతా నవ్వింది. విజయ నవ్వలేకపోయింది.

చదవడం మొదలుపెట్టింది. మేఘన వేలు అక్షరాల వెంట కదులుతోంది. యశోద తలుపు దగ్గరికి వచ్చింది. విజయ బొటనవేలు రెండు కాగితాలను కలిపి పట్టుకుంది. మేఘన తలెత్తి చూసింది. విజయ ఒక కాగితాన్ని వదిలేసి, ఒక్కటే తిప్పింది.

స్టేషన్ వచ్చింది. రైలు వచ్చింది. యశోద వెనక్కి తిరిగింది.

"ఆగక్కా," అంది కమ్లీ. "గిది గప్పుడు లేకుండె."

"పుస్తకంల ఉన్నదే సదువుతుందమ్మా," అన్నాడు ఇమ్మానుయేల్.

"నేను నిన్నడుగుత లేను సారూ."

విజయ పుస్తకం దించింది. "ఉండె కమ్లీ. నేనే మలిపిన."

కమ్లీ కూతురి వైపు చూసింది. మేఘన కాగితం చూసి తలూపింది.

"యశోద మళ్ల పోయిందని సదివితే, నేను గూడ పోతననుకున్నవా?"

విజయ చూపు కమ్లీ ముంజేతి మీదికి పోయింది.

"గంత తక్కువ జూసినవా అక్కా నన్ను?"

ఇమ్మానుయేల్ లేచి, చాయ్ తాగొద్దామని మెల్లగా అందరినీ బయటికి పిలిచాడు. కమ్లీ మాత్రం లేవలేదు. హాలు ఖాళీ అయ్యాక విజయ దగ్గరికి వచ్చి, "గా కాగితం ఏది?" అని అడిగింది. విజయ చూపించింది. కాయ ఎండిందో లేదో చూసినట్టు, కమ్లీ దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసింది.

"గింత పల్సగుంటదా," అంది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "మొదటికెళ్లి సదువు. నేను ఆపుమన్నకాడ ఆపు."

విజయ చదివింది. యశోద స్టేషన్‌కు చేరింది. రైలు వచ్చి ఆగింది.

"గీడ ఆపు," అంది కమ్లీ. చెయ్యి చాపి, పుస్తకం తనే మూసేసింది.