ఫోనుకు పెట్టిన బొట్టు

మా అవ్వ మాసమ్మ ఒక్కసారి అరిస్తే చిక్కడపల్లి నుంచి నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా ఫోన్లన్నిటికీ సిగ్నల్ పోతుంది. సెల్ టవర్ కట్టేవాళ్లు ముందు ఆమె కాళ్లు మొక్కాలి. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నేను చెబితే మీరు నమ్మరు గానీ, మొన్న మా ఇంట్లో జరిగింది వినండి.

అవ్వ, ఆమె చెల్లెలు సాయమ్మ పాలమూరు నుంచి ఒకే బస్సులో ఈ ఊరికి వచ్చారు. అశోక్ నగర్ అపార్ట్‌మెంట్లకు కలిసి ఇసుక మోశారు. ఇప్పుడు అవ్వ నారాయణగూడ మార్కెట్‌లో ఆకుకూరలతో పాటు తిట్లు కూడా కొసరు వేస్తుంది. చిన్నవ్వ ముషీరాబాద్‌లో ఉంటుంది.

మా అక్క పెళ్లి కుదిరింది. మాలో దగ్గరి ఆడవాళ్లను ఇంటికెళ్లి, నుదుట బొట్టు పెట్టి పిలవాలి. లేదంటే పిలవనట్టే. మా నాన్న నగేష్‌కు ట్రాఫిక్ గుర్తొచ్చి వీడియో కాల్ కలిపాడు. తెర మీద చిన్నవ్వ ముఖం రాగానే మా అమ్మ కుంకుమలో వేలు ముంచి, నుదురు కనిపించేచోట గాజు మీద అద్దింది.

"చిన్నత్తా, పెండ్లికి రావాలె."

"నేను గూడ ఫోన్లనే వస్త. బువ్వ గూడ దాంట్లనే పెట్టుండ్రి," అని చిన్నవ్వ ఫోన్ పెట్టేసింది.

అవ్వ మార్కెట్ నుంచి వచ్చి, ఎర్రటి తెర చూసి, సంగతంతా విన్నది. ఇక మొదలు.

"నువ్వు పాలకు ఏడుస్తుంటే నా తట్ట గూడ అదే మోసిందిరా! దానికి బొట్టు పెట్టనీకి ముషీరాబాద్ దూరమైందా? అది రాకుంటే నేను గూడ పెండ్లికి రాను!"

"అందరు ఇట్లనే పిలుస్తుండ్రే అమ్మా," అన్నాడు నాన్న.

"అందరు గడ్డి తింటే నువ్వు గూడ తింటవా?"

ఇంట్లోని ఫోన్లన్నీ లాక్కుని కొంగులో ముల్లె కట్టింది. నాది దొరకలేదు, చొక్కా లోపల దాచాను. అందరినీ ఆటోలో కుక్కి ముషీరాబాద్ పట్టుకెళ్లింది.

చిన్నవ్వ బియ్యం చెరుగుతూ తలెత్తలేదు.

"ఏందక్కా, బ్యాలెన్స్ అయిపోయిందా, నడిసొచ్చిండ్రు?"

"తిట్టవే. వీణ్ణి గట్టిగ తిట్టు."

"నిన్ను తిడ్త. గట్ల పెంచింది నువ్వు గాదా?"

అవ్వ కుంకుమ భరిణె అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ కుంకుమలో వేలు ముంచింది. చిన్నవ్వ చాట పక్కన పెట్టి, ముఖం ఎత్తింది.

"ఒత్తి పెట్టు. ఇది గాజు గాదు, తోలు."

అవ్వ ముక్కు చీదింది. నేను ఫోన్ తీసేలోపే అంతా అయిపోయింది.

"అవ్వా, వీడియోల పడలే. జర మల్లొక్కసారి పెట్టియ్యవా?"

అవ్వ కొంగు ముల్లె విప్పి చాపింది.

"ఫోన్ ఇండ్ల ఎయ్యి. ఎయ్యకుంటే నీ పెండ్లికి నేను రాను, ఫోన్‌నే పిలుసుకో."