లాంచీ అమ్మిన మనిషి

ఎడపల్లి దగ్గర ఆగిన బస్సు మళ్లీ కదలబోతుంటే, నా పక్కన కూర్చున్న మనిషి మూట చంకన పెట్టుకొని దిగిపోయాడు. వచ్చిన దారినే బోధన్ వైపు నడవసాగాడు.

బోధన్‌లో చక్కెర మిల్లు కడుతున్న రోజులవి. అక్కడ బస్సెక్కినప్పుడు అతను హుషారుగానే ఉన్నాడు. మంజీరలో నీళ్లున్న నెలల్లో సొంత లాంచీ నడిపేవాడట. ఆవిరితో నడిచే చిన్న పడవ. బాయిలరు కింద కట్టెలు వేయడం, చుక్కాని పట్టడం రెండూ తనే. నిన్ననే అమ్మేశానన్నాడు.

ఎడపల్లిలో ఇంజను నీళ్లు కారుతున్నాయని డ్రైవరు బస్సు ఆపి, రేడియేటరులో గుప్పెడు పసుపు పోశాడు. దాంతో చిల్లు పూడుకుపోతుందట.

"ఏందన్నా, బస్సుకు పెండ్లి చేస్తున్నవా?" అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. నా పక్కనున్న అతను మాత్రం నవ్వలేదు.

"నేను గిట్లనే చేసిన సారూ," అన్నాడు మెల్లగా. "బాయిలరు కారుతుంటే తవుడు పోసి ఆపిన. కొన్నాయనకు చెప్పలే. చెప్తే కొంటడా?"

"ఆగింది కదా?" అన్నాను.

"నేనైతే మంట సన్నగ పెడుత. ఆయనకేం ఎరుక? రేపు పొద్దుగాల కొబ్బరికాయ కొట్టి ఇంటోళ్లందర్ని ఎక్కిస్తడట. మంట ఎగేస్తే బాయిలరు పల్గుతది."

ఆ పూట బోధన్‌కు ఇంకో బస్సు లేదు. బోధన్ నుంచి లాంచీ ఉన్న రేవు ఇంకా దూరం.

తర్వాత చాలా రోజులు నేను పనిచేసే పత్రికకు వచ్చిన వార్తలన్నీ వెతికాను. లాంచీ ప్రస్తావన ఎక్కడా లేదు. అయితే ఆ రేవు వైపు నుంచి మాకు వార్తలు రాసేవారు ఎవరూ లేరు.