రాజమల్లు చదివే మూతులు

రాజమల్లు టీవీలో మాటలను నమ్మేవాడు కాదు. మూతులను నమ్మేవాడు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. రాజమల్లు వయసంతా సాంచెల మధ్యే గడిచింది. కార్ఖానాలో అవి ఆడుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడి మనుషులు పెదవులు చూసి మాట పోల్చుకుంటారు. దారం తెగింది, చాయ్ తాగుదామా, సాంచెల ఆసామి వస్తున్నాడు, అన్నీ మూతి మీదే చదువుతారు. సాంచెలు రాజమల్లు చెవులు తీసుకుని ఆ విద్య ఇచ్చాయి. తర్వాత సాంచెలే పోయాయి. పాత ఇనుము కింద వాటిని లారీకి ఎక్కిస్తున్న రోజు రాజమల్లు దగ్గరికి వెళ్ళి నిలబడి, "ఏమన్న అంటున్నయా?" అని అడిగాడట. ఎవరూ జవాబివ్వలేదు. ఇచ్చినా వినపడేది కాదు.

చెవులూ పనీ పోయిన మనిషికి సాయంత్రం ఎక్కడో ఒకచోట గడవాలి. రాజమల్లుకు పద్మజ ఇంట్లో గడిచేది. ఆమె భర్త మనోహర్ ఒకప్పుడు అతని పక్క సాంచె మీద పనిచేసినవాడే. సాంచెలు ఆగాక గల్ఫ్ పోయాడు. మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు మనోహర్ తెచ్చిన పెద్ద టీవీ ముందు వాడకట్టు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు. ఆ వేళకు ఒక సీరియల్ వచ్చేది. ఆకాశంలో తిరిగే ఒక కేంద్రం, అందులో ఇరుక్కుపోయిన కొందరు మనుషులు. ఏ దేశం వాళ్ళు తీశారో, దానికి తెలుగు మాటలు అతికించారు. నోరు మూసుకున్నాక మాట వచ్చేది. మాట అయిపోయాక నోరు కదిలేది.

రాజమల్లుకు అక్కడ పట్టు దొరికింది.

"ఏమన్నడట?" అని పక్కన బీడీలు చుట్టే ఇంద్రమ్మను అడిగేవాడు.

"లోపల గాలి అయిపోతున్నదట," అని ఇంద్రమ్మ అతని చెవిలో అరిచేది.

"అబద్ధం. నోరు గట్లనలే. 'ఎవడ్రా ఈడ బీడీ తాగింది' అన్నడు."

తెర మీద కమాండర్ మొహం నిజంగానే అలా ఉండేది.

ఇంకోరోజు అందులో ఒక శాస్త్రవేత్త కిటికీలోంచి భూమిని చూసి కన్నీళ్ళు పెట్టుకుంది. భూమి ఎంత అందంగా ఉందో అందట.

"గదేం లేదు," అన్నాడు రాజమల్లు. "కొండగట్టు మీద గుడికాడ కోతి కొబ్బరిచిప్ప గుంజుకపోయిందట. గది చెప్పుకొని ఏడుస్తున్నది."

"ఆమె కొండగట్టుకు ఎందుకు పోయింది మామా?" అంది పద్మజ.

"మొక్కు లేకుండ గంత మీదికి ఎవరన్న పోతరా బిడ్డా?"

వెంకటవ్వకు మాత్రం సీరియల్ చూస్తే గుబులు. ముసలామెకు పైకీ కిందికీ తేడా తెలియని ఆ బతుకు నచ్చలేదు. "నిలవెట్టి గోడకు కట్టి పండవెట్టిండ్రేంది వీళ్ళను?" అని అడిగింది.

"కాంపు గదా అవ్వా," అన్నాడు రాజమల్లు. "మంచాలు సాలకపోతే గంతే."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. మనోహర్ ఉన్నది కూడా గల్ఫ్‌లో కూలీలను ఉంచే అలాంటి కాంపులోనే. అతని కంపెనీ మూసేశారు. జీతం లేదు, టికెట్టు లేదు, పాస్‌పోర్టులు కంపెనీవాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. కొన్నాళ్ళు ఫోను వచ్చింది. తర్వాత రాలేదు. పంపించిన కోరుట్ల ఏజెంటు ఫోను ఎత్తడం మానేశాడు. చందుర్తి నుంచి పోయిన ఒకతను ఆ మధ్యే పెట్టెలో ఇల్లు చేరాడు. ఆ సంగతి పద్మజ ముందు ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోయినా ఆమెకు తెలుసు.

సీరియల్లో ఒక సన్నటి మెకానిక్ ఉన్నాడు. ఆడవాళ్ళు అతన్ని బక్కోడు అనేవాళ్ళు. ఒక సాయంత్రం పద్మజ తునికాకు కత్తిరిస్తూ, ఎవరితోనూ కాకుండా అంది.

"ఈ బక్కోడు ఇల్లు చేరితే మా ఆయిన గూడ చేరుతడు."

అన్నాక వెనక్కి తీసుకోవడానికి వీలులేని మాట. ఆ రోజు నుంచి బక్కోడు తుమ్మినా వాడకట్టు భయపడేది.

ఒకరోజు సీరియల్ మధ్యలో ఫోను మోగింది. తెలియని నంబరు, వీడియో. తెర మీద మనోహర్. గడ్డం పెరిగింది, దవడలు లోపలికి పోయాయి. నోరు కదులుతోంది గానీ మాట రావడం లేదు. పద్మజ హలో హలో అంటూ ఇల్లంతా తిరిగింది. చివరికి ఫోను తెచ్చి రాజమల్లు మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"మామా, ఏమంటున్నడో సూడు."

రాజమల్లు కళ్ళు చిట్లించి చదివాడు. మనోహర్ నోరు ఇంకా వేగంగా కదిలింది. చెయ్యి కూడా విసిరాడు. అంతలో ఫోను కట్టయింది. తిరిగి చేస్తే కలవలేదు.

"ఏమన్నడు మామా?"

"బాగనే ఉన్నడట. అన్నం మంచిగనే తింటున్నడట. కాయిదాలు అయితున్నయట. నిన్ను రంది పెట్టుకోవద్దన్నడు."

"గన్ని మాటలు చెప్పిండా?"

"తొందర తొందరగ చెప్పిండు."

ఆ పూట పద్మజ కంచంలో అన్నం మిగల్చలేదు.

కొద్దిరోజులకు సీరియల్లో బక్కోడు ఏదో మరమ్మతుకని కేంద్రం బయటికి వెళ్ళాడు. నడుముకు కట్టిన తాడు తెగింది. మనిషి మెల్లగా చీకట్లోకి కొట్టుకుపోసాగాడు. పోతూ పోతూ భార్యతో మాట్లాడాడు. నేను రాను, నా కోసం ఎదురుచూడకు. తెలుగు గొంతు ఒక్కో మాటా విడమరిచి చెప్పింది.

చాటల్లో చేతులు ఆగిపోయాయి. ఇంద్రమ్మ ఈసారి రాజమల్లు చెవిలో అరవలేదు. అతను ఒక్కొక్కరి మొహమూ చూస్తూ వచ్చి పద్మజ దగ్గర ఆగాడు. అక్కడ కనిపించింది చదవడానికి ఏ విద్యా అక్కర్లేదు.

"తప్పు," అన్నాడు. "నోరు గట్ల అంటలేదు."

"మరేమంటున్నదిరా?" అంది వెంకటవ్వ, ఆశగా.

"సలికాలం అస్తున్నది, బొంత ఉతికి ఎండెయ్యమంటున్నడు పెండ్లాన్ని. రేపో మాపో దిగుతడట."

"దిగి ఏం జేస్తడట?"

"ముందుగాల కల్లు తాగుతడట."

ఆడవాళ్ళు నవ్వారు. కావాలనే కొంచెం ఎక్కువ నవ్వారు. పద్మజ నవ్వలేదు. ఆమె తెరనే చూస్తోంది. బక్కోడి తల మీద పెద్ద హెల్మెట్ ఉంది. దాని ముందు బంగారు రంగు అద్దం. ఆ అద్దంలో భూమి కనిపిస్తోంది. మనిషి మొహం మాత్రం కనిపించడం లేదు.

"మామా," అంది, అతని వైపు తిరిగి. "మూతేది?"

"ఏ మూతి?"

"బక్కోని మూతి. అద్దమే గదా ఉన్నది."

రాజమల్లు తెరను చూశాడు.

"మీసాలు కదిలినయ్," అన్నాడు.

"వానికి మీసాలే లేవు కదరా," అంది వెంకటవ్వ.

పద్మజ చాట పక్కన పెట్టింది. ఒక్కో మాటా అతనికి కనపడేలా పలికింది.

"మా ఆయిన ఏమన్నడు ఆ రోజు?"

"చెప్పిన గదా."

"బొంత ముచ్చట గూడ చెప్పినవ్. ఎదురుసూడొద్దన్నడా?"

చెవులు లేని మనిషి. ఆ మాట వినపడనట్టు ఊరుకోవచ్చు. కానీ ఆమె మూతిని చూసేశాడు.

"తిట్టిండు బిడ్డా."

"నన్నా?"

"నన్ను. 'కాకా, జరుగు' అన్నడు. మల్ల గదే అన్నడు. 'ఎవని కాళ్ళో మొక్కి ఫోను అడుక్కున్న, నీ ముక్కు సూసుటానికా? పద్మను సూపియ్యి' అన్నడు. మొత్తం గదే. నువ్వేమో ఫోను నా మొఖంల పెట్టి ఏమంటున్నడు, ఏమంటున్నడు అనవడితివి. ఇందరి ముందట గది ఎట్ల చెప్పాలె? నోటికచ్చిన నాలుగు మంచి మాటలు చెప్పిన."

"కాయిదాల సంగతి?"

"అనలే."

"అన్నం?"

"అనలే. ఎట్ల సిక్కిండో నువ్వు గూడ సూస్తివి."

పద్మజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాయిదాలు లేవు. తిండి సంగతి తెలియదు. ఎప్పుడొస్తాడో, ఎట్లా వస్తాడో చెప్పేవాళ్ళు లేరు. కానీ ఆ తిట్టు ఆమెకు తెలుసు. ఆ విసురు తెలుసు. అది ఎవరో తెచ్చి అతికించిన మాట కాదు. మనోహర్ చావకుండా, మారకుండా, కోపంగా ఉన్నాడు.

ఆమె భుజాలు కదిలాయి. రాజమల్లుకు కంగారు పుట్టింది. కొంగు వెనక నోరు ఏం చేస్తోందో చదవలేకపోయాడు. కొంగు తీశాక తెలిసింది. నవ్వుతోంది.

"గట్లనే అంటడు," అంది. "అత్తగారింట్ల గూడ గట్లనే అన్నడు, పెండ్లయిన కొత్తల. అందరి ముందట."

పద్మజ కళ్ళు తుడుచుకుంది.

"ఈసారి ఫోనస్తే నువ్వు నా ఎనుక కూసో మామా. నా మొఖం ఆయినకు, ఆయిన మూతి నీకు."

రాజమల్లుకు అది సబబుగా తోచింది. లేచి ఆమె వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. భుజం మీదుగా చూసి దూరం అంచనా కట్టాడు.

"గింత దూరం నుంచంటే కండ్లద్దాలు కావాలె," అన్నాడు.

"అద్దాలు లేకుండ మరి టీవీల మూతులు ఇన్ని దినాలు ఎట్ల..." అని ఇంద్రమ్మ చాట మీదికి వంగి గొణిగింది. వెంకటవ్వ ఆమె తొడ గిల్లింది.

"ఏమంటున్నది?" అన్నాడు రాజమల్లు.

"నీకు చాయ్ పెట్టమంటున్నది," అంది పద్మజ, లేస్తూ.