మా బావ పొట్లాలు

మా అక్క మొగుడు మెకానిక్కు. ఆయన షెడ్డులో బండి బాగుచేయించుకున్న ప్రతివాడికీ తాళంచెవితో పాటు ఒక పొట్లం కూడా దక్కుతుంది. అరిగిన బోల్టు, చిరిగిన బెల్టు, మాడిన బల్బు, బండిలోంచి విప్పి తీసిన ఏ ముక్కనీ వదలడు. పాత పేపర్లో చుట్టి "మీవే, చూసుకోండి" అని చేతిలో పెడతాడు. జనం అబ్బో నిజాయితీ అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ అలవాటు నా మూలంగా వచ్చిందే మరి.

ఆరేళ్ళ కిందట నా టాక్సీకి కొత్త డైనమో బిగించాడు. పాతది కనపడలేదు. మా ఇంట్లో చుట్టాలందరి ముందూ "అమ్ముకున్నావు కదూ?" అని అడిగేశాను. కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. బండికి జబ్బు చేసినప్పుడల్లా నేను మాత్రం సిగ్గు విడిచి ఆయన షెడ్డుకే పోతున్నాను. అంత పనివాడు చుట్టుపక్కల లేడు, ఏం చేస్తాం.

ఈమధ్య ఇంజన్లో టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. పొద్దున్నే నర్సులను ఆసుపత్రికి చేర్చడం నా పని. మా వీధి చివరే ఎక్కే పెద్ద నర్సు, "సోమవారానికి ఇది ఆగకపోతే వేరే బండి మాట్లాడుకుంటాం" అని తేల్చేసింది. ఆ పని పోతే మా పొయ్యిలో పిల్లి లేవదు.

మూడుసార్లు షెడ్డుకి వెళ్ళాను. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఇంజనుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, మూడుసార్లూ బావది ఒకటే మాట: "ఏ చప్పుడూ లేదు." నిజమే, అక్కడికి చేరేసరికి ఉండేది కాదు. అయినా కావాలనే ఏడిపిస్తున్నాడనుకున్నాను.

"అరగంట నడిపి వేడి బండి తెస్తే ఏం వినపడుతుందిరా? చల్లారాక వినాలి. ఇవాళ్టికి ఇక్కడే వదిలెయ్."

"వదిలితే రేపటికి అందులో ఏం మిగులుతుందో!"

నోటిదూల. ఆయన స్క్రూడ్రైవర్ తుడుచుకుని లోపలికి పోయాడు.

ఆదివారం తెల్లవారగానే మా గేటు తీసిన చప్పుడైంది. బావ! నా పెళ్ళాం ఫోన్ చేసి పిలిచిందట. నా మొహం చూడకుండా బానెట్ ఎత్తి "స్టార్ట్ చెయ్" అన్నాడు. టిక్కు టిక్కు. ఇంజనుకీ పొగగొట్టానికీ మధ్య అతుకు దగ్గర మసి చూపించాడు.

"ప్యాకింగ్ కాలిపోయింది. చల్లగా ఉన్నప్పుడు ఈ సందులోంచి పొగ తన్నుతోంది. వేడెక్కితే ఇనుము ఉబ్బి సందు మూసుకుంటుంది. అమ్మా, కింద పరుచుకోడానికి గోనె ఏదన్నా ఉందా?"

నా పెళ్ళాం మెట్ల కింద నుంచి ఒకటి లాక్కొచ్చింది. నేను "అది కాదే" అనేలోపే దులిపేసింది. పాత డైనమో దొర్లుకుంటూ వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర ఆగింది. ఆనాడు బావ డిక్కీలోనే పెట్టిన దాన్ని, సర్దుతూ చూసుకోకుండా పాత సామానుతో పాటు గోనెలో చుట్టి అక్కడ తోసింది నేనే. ఏడాదికి కంటపడ్డా బావకి చెప్పకుండా మళ్ళీ అక్కడే దాచాను.

"ఎప్పుడు దొరికింది?" అన్నాడు బావ.

"మొన్ననే," అన్నాను.

"ఐదేళ్ళయింది అన్నయ్యా," అంది నా పెళ్ళాం.

తిట్టినా బాగుండేది. ఆయన గోనె పరుచుకుని బండి కింద దూరాడు. సంచిలో తెచ్చుకున్న కొత్త ప్యాకింగ్ వేసి బోల్టులు బిగించాడు. చప్పుడు పోయింది. కాలిన ప్యాకింగ్‌ను పేపర్లో చుట్టి డైనమో పక్కన పెట్టాడు.

"రెండూ నీవే, చూసుకో."

నాకు తల కొట్టేసినట్టయింది. గేటు దాకా వెంటపడ్డాను. తీరా నోరు తెరిస్తే వచ్చిన మాట ఇదీ: "బావా, అక్కకి చెప్పకు."

ఆయన అప్పుడు నా మొహం చూశాడు.

"ఆరేళ్ళుగా చెబుతూనే ఉన్నాను, నేను తియ్యలేదే అని. మీ అక్క నమ్మలేదు. నువ్వే వచ్చి చెప్పు."