గూడ్సు బండికి పచ్చజెండా

2009లో ఒక మధ్యాహ్నం షార్జాలోని రోలా బస్టాండులో రాస్ అల్ ఖైమా బస్సు కోసం నిలబడ్డాను. నా ముందున్న పెద్దాయన వచ్చిన ప్రతివాడికీ దారి ఇస్తున్నాడు. అలా మా వంతు రాకుండానే రెండు బస్సులు నిండి వెళ్లిపోయాయి.

"ఎక్కరేంటి బాబాయ్?"

"అలవాటయ్యా. స్టీము రోజుల్లో గూడ్సింజను మీద ఫైర్‌మన్ని. పాసింజరొస్తే మనం దారిచ్చి, పక్కనుండే లూపులైన్లో ఆగాలి."

ఆయన ఇంజను విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో పుట్టిన రకమట. ఆరు చక్రాలు, తొందర శూన్యం.

"రాణి పోయింది, తెల్లోళ్లు పోయారు. ఆ రకం మాత్రం బొగ్గు మోస్తానే ఉంది. పక్కకి తప్పుకున్నోడికి ఆయుష్షెక్కువయ్యా."

"మరిప్పుడు మీకు తొందరేం లేదా?"

"ఎందుకు లేదూ! నాలుగింటికల్లా క్వారీ ముదీర్, అదే మా మేనేజరు, ముందు నిలబడకపోతే ఉద్యోగం ఖలాస్."

మూడో బస్సులో ఒక్క సీటే మిగిలింది. అది తప్పితే ఆయనకు నాలుగు దాటుతుంది. ఆయన యథావిధిగా నాకు దారి ఇచ్చాడు. బతిమాలాను, కసిరాను, కదల్లేదు. చివరికి నా చేతిలోని ఆకుపచ్చ ఫైలు ఎత్తి, గార్డు జెండా ఊపినట్టు ఊపాను. టక్కున ఎక్కేశాడు.

నేను గంటసేపు లూపులైన్లో ఉన్నాను. కొన్నాళ్లకు ఆ ఫైలు చిరిగిపోయింది. కొత్తది కొంటూ కూడా ఆకుపచ్చదే అడిగాను.