కోపం తగ్గేదాకా టర్బో ఇవ్వబడదు

కాశీబుగ్గలో హైవే పక్కన లారీ టర్బోలు బాగుచేసే సన్యాసిరావుకి కోపమెక్కువ. అందులో వింతేమీ లేదు, మెకానిక్కులలో చల్లటి మనుషుల్ని ఎవరూ చూడలేదు. వింతేమిటంటే, కోపంగా ఉన్నంతసేపూ ఆయన పని ముట్టడు. ఆయనకి కోపం లేని గడియ కోసం ఇచ్ఛాపురం నుంచి నరసన్నపేట దాకా ఉన్న లారీలన్నీ వరసలో కాచుకుని ఉంటాయి.

ఆ పద్ధతికి ఆయన దగ్గర కారణం ఉంది. టర్బో అంటే ఇంజనుకి గాలి ఊదిపెట్టే సామాను. అందులో అరచేతిలో పట్టే అల్యూమినియం చక్రం ఒకటి నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది. ఒకపక్క ఆవగింజలో సగం బరువు ఎక్కువైనా చాలు, చక్రం అదురుతుంది. అదిరితే బేరింగు పోతుంది, ఆ తర్వాత చక్రం ముక్కలై ఇంజన్లో పడుతుంది. సన్యాసిరావు ఆ చక్రాన్ని మిషను మీద తిప్పి, బరువెక్కడుందో కనిపెట్టి, అక్కడ ఇసుమంత లోహం గీరి సమం చేస్తాడు.

"కోపంలో సెయ్యి అదురుతాది. అదిరే సెయ్యి అదురెలా తీత్తాదిరా?" అంటాడు.

అందుకని జనమే జాగ్రత్తలు నేర్చుకున్నారు. టీకొట్టువాడు ఆయన కూర్చునే బల్ల కాలికింద అట్టముక్క పెట్టాడు, బల్ల ఊగితే ఆయనకి గిట్టదు కనుక. బారువ నుంచి ఎండుచేపల లారీ తెచ్చిన డ్రైవరొకడు, మిషను తిరుగుతుండగా తుమ్మి రెండు రోజులు నష్టపోయాడు. ఒక పెళ్ళిలో సీలింగ్ ఫ్యాను వంకరగా తిరుగుతోందని, తాళి కట్టే వేళకి సన్యాసిరావు భోజనాల బల్లెక్కి ఫ్యాను ఆపేసి రెక్కకి రూపాయి బిళ్ళ అంటించాడు. చెమటలు కక్కుతూనే పెళ్ళికొడుకు మూడు ముళ్ళూ వేశాడు.

ఇలాంటి మనిషి చేతిలో పడ్డాడు కామేశ్.

కామేశ్‌ది మంచినీళ్ళ ట్యాంకరు. వజ్రపుకొత్తూరు అవతల, సముద్రం ఒడ్డున కొబ్బరిదిబ్బ అనే ఊరికి రోజూ పొద్దున్నే నీళ్ళు తోలుతాడు. ఆ ఉద్దానం ప్రాంతంలో బోరు నీళ్ళంటే జనానికి గుండె దడ. కిడ్నీ జబ్బు ఏ ఇంటి తలుపు ఎప్పుడు తడుతుందో తెలీదు. ట్యాంకరు రాని రోజు ఆ ఊళ్ళో పొయ్యి మీద ఎసరు పెట్టాలన్నా ఆలోచిస్తారు. ఆదివారం నీళ్ళు తోలి వస్తుంటే అలాంటి బండికి టర్బో చక్రం విరిగింది. కామేశ్ రాత్రికి రాత్రే కొత్త చక్రం తెప్పించి, సోమవారం పొద్దున్నే సన్యాసిరావు ముందు పెట్టాడు.

అదృష్టం, ఆ పూట ఆయనకింకా కోపం రాలేదు. గంటన్నరలో చక్రాన్ని సమం చేశాడు. ఇరుసు, చక్రం, నట్టు, మూడింటి మీదుగా నల్ల మార్కరుతో ఒక గీత గీశాడు. తర్వాత మూడూ విప్పి స్టీలు పళ్ళెంలో పెట్టి, బిగించేముందు టీ తాగొస్తానని వెళ్ళాడు.

కామేశ్ భక్తిపరుడు. కొత్త సామాను ఏదైనా బండికెక్కే ముందు పసుపు కుంకుమ పెట్టడం వాళ్ళింట్లో ఆచారం. బొట్టు పెట్టేముందు శుభ్రం చెయ్యాలి కదా, పైగా చక్రం మీద ఏదో నల్లటి మరక. నట్టు మీదా అదే మరక. కిరోసిన్ గుడ్డతో మూడింటినీ తళతళలాడేలా తుడిచి, చక్రానికి నిండుగా పసుపు రాసి, మధ్యలో కుంకుమ పెట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా సన్యాసిరావు ఉన్నాడు.

"గీతేదిరా?"

"ఏ గీత మావా?"

"నల్లగీత!"

"అది గీతేటి? మరకనుకుని తుడిసీసినాను. బొట్టెట్టాల కదా."

సన్యాసిరావు నోరు తెరిచాడు. తెరిచాక ఆగలేదు. చక్రాన్ని సమం చేసినప్పుడు మూడు ముక్కలూ ఎలా కూర్చున్నాయో, బిగించేటప్పుడూ అచ్చం అలాగే కూర్చోవాలి. ఎలా కూర్చున్నాయో చెప్పడానికి ఆ గీత తప్ప వేరే దిక్కులేదు. గీత పోయిందంటే పనంతా మళ్ళీ మొదటికొచ్చినట్టే.

"పసుపుకి బరువుండదేటిరా? కుంకానికి బరువుండదేటి? ఆవగింజ కోసం నాను సత్తంటే, నువ్వు అరపావు పసుపు రాసీసినావు! ఏ ఊరు నీది? ఎక్కడికి తోలతావు నీళ్ళు? ఎన్ని గడపలు? ఏ యేలకెల్తావు?"

కామేశ్ అన్నిటికీ జవాబులు చెప్పాడు. తిట్టడానికి ఇన్ని వివరాలెందుకో అతనికి బోధపడలేదు.

"ఇంక నా కోపం తగ్గేదాకా ఈ సక్రం ముట్టను. ఎల్లు!"

మంగళవారం ఏడింటికి కామేశ్ వచ్చేసరికి షట్టరు మూసి ఉంది. ఆయన భార్య వరహాలమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"మావ లేడా అత్తా?"

"కోపం తగ్గనేదు నాయనా. పొద్దుగాలే బయటికెల్లిపోనాడు."

సన్యాసిరావు పదకొండింటికి వచ్చాడు, వెళ్ళినప్పటికంటే ఎక్కువ కోపంతో. చల్లబరుద్దామని కామేశ్ కొబ్బరిబొండం తెచ్చాడు. "స్ట్రా ఏదిరా?" అని దానిమీదొక గంట పోయింది. సాయంత్రం ఎలాగో మెత్తబడి మిషను ముందు కూర్చుని, చక్రం చేతిలోకి తీసుకున్నాడో లేదో, కామేశ్ ఫోను డప్పులతో, సన్నాయిలతో మోగింది. కొబ్బరిదిబ్బ గంగమ్మ. నీళ్ళేవిరా అని అడగడానికే చేస్తోంది, ఇంకెందుకు? కామేశ్ భయంతో నొక్కేశాడు. అప్పటికే సన్యాసిరావు లేచి నిలబడ్డాడు.

"పెళ్ళి బాజా ఎట్టుకున్నావేటిరా ఫోన్లో? ఎల్లు!"

బుధవారమూ షట్టరు మూసే ఉంది. ఇప్పుడు కోపం కామేశ్‌కి కూడా వచ్చింది. మూడో రోజు. అక్కడ నూటపాతిక గడపలు. గంగమ్మవి పద్నాలుగు మిస్డ్ కాల్సు. ఈయన కోపం ఈయనకి ముద్దు, అక్కడ మనుషులు ఏం తాగుతున్నారో ఎవరికి పట్టింది? ఆయన రాగానే అడగవలసినవన్నీ కామేశ్ మనసులో వరసగా పేర్చుకున్నాడు.

"నీకు కోపమే గానీ మనసు నేదు మావా!" అనేశాడు, సన్యాసిరావు గడప తొక్కగానే.

సన్యాసిరావు అతని వంక చూశాడు. తిట్టలేదు. చేతులు కడుక్కుని, మిషను ముందు కూర్చుని, గంటలో చక్రం సమం చేసి, గీత గీసి, విప్పి, గీతకి గీత కలిపి బిగించి, నూనె పోసి తిప్పి చూసి చేతిలో పెట్టాడు. "గాలి ఫిల్టరు సిరిగితే మార్చు," అన్నాడు. అంతే.

గురువారం ఉదయం కామేశ్ నిండు ట్యాంకరుతో కొబ్బరిదిబ్బ చేరాడు. టర్బో సన్నగా, ఒకే శ్రుతిలో ఈల వేస్తోంది. బిందెలతో కొట్టినా పడాలనే నిర్ణయించుకుని దిగాడు. గంగమ్మ ఎదురొచ్చి, అతన్ని దాటి క్యాబిన్లోకి తొంగిచూసింది.

"ఏటిరా, నువ్వే వొచ్చినావు? తిట్లాయన రానేదేటి?"

"తిట్లాయనెవలు పిన్నీ?"

"టర్బో సన్యాసిరావంట. సోమారం మద్దేనం నుంచి మూడు దినాలూ ఆయనే కదరా నీల్లు తెచ్చినాడు! టెక్కలి మనోహర్ ట్యాంకరెక్కొచ్చీసినాడు. 'నీ టర్బో నాను సేసిందే, రాకపోతే ఇంక ముట్టను' అని ఆడ్ని బెదిరించి తెచ్చినాడంట. పైపు ఆయనే పట్టినాడు. ఓలమ్మో, ఏం తిట్లురా! బిందె వొంకరగా ఎడితే తిట్టు, లైను తప్పితే తిట్టు. దేముడమ్మకి ఒంట్లో బాగోదని ఆవిడి బిందెలు ఇంట్లోకి మోసి, గడపంత ఎత్తుగా ఎందుకు కట్టినావని ఆవిడ్నీ తిట్టినాడు. ఆ సంగతి సెప్దామని ఫోన్ సేత్తంటే నువ్వెత్తవేటి?"

కామేశ్ ఫోను తీసి ఆ మిస్డ్ కాల్సన్నీ చూసుకున్నాడు. "నా గురించేటి సెప్పినాడు?"

"నిన్నేటీ అనొద్దన్నాడు. తప్పు తనదేనంట. సక్రం తన సేతిలోనే సెడిపోనాదంట."

కామేశ్ చెట్టు చాటుకి పోయి ఫోను చేశాడు.

"మావా..."

"ఎందుకు సేసినావు? బండి అదురుతున్నాదేటి?"

"నేదు మావా. నీల్లు... నాను నిన్న మనసు నేదని నోరు జారినాను..."

"ఏ నీల్లు? నాకేటీ తెలీదు. ఎట్టీ ఫోను!"

పెట్టే లోపే గంగమ్మ ఫోను లాక్కుంది. "ఏటి బాబూ, రేపు రావేటి? నువ్వు నేకపోతే లైను కదల్డం నేదు. దేముడమ్మ నీ కోసరం సేపల పులుసెట్టింది."

కామేశ్ కంగారుగా ఫోను దగ్గర చెవి పెట్టాడు.

"ఆదివారం వొత్తాను," అన్నాడు సన్యాసిరావు. ఆ గొంతు అంత మెత్తగా ఉంటుందని కాశీబుగ్గలో ఎవరికీ తెలీదు. ఆ వెంటనే గొంతు సవరించుకున్నాడు. "ఆ కామేశ్ ఎదవని బేగి రమ్మనండి. ఇంకో మూడు బళ్ళున్నాయి నా కాడ, ఆ డ్రైవర్లని తిట్టేసరికే పొద్దుపోతంది. పళ్ళెం కాడ కాపలా ఉండాల, ఎవడూ బొట్టెట్టకండా!"